మా పెరటి క్రాస్ కోళ్ళు, పద్దెనిమిదో రోజు

గుడ్లు పొదగేసి ఇవాళ పద్దెనిమిదో రోజు. పొద్దున్నే గుడ్లు చివరిసారి తిప్పి, ఇంక్యుబేటర్లో రెండో గిన్నెలో కూడా నీళ్ళు పోసి మూత పెట్టేశాను. పిల్లలు బయటికొచ్చేదాకా ఇక ఆ మూత తీసేది లేదు. ఈ మూడు రోజులూ నాకు కాలు ఒక్కచోట నిలవదు, అందుకని తెలిసినవాళ్ళు ఎప్పట్నుంచో అడుగుతున్న సంగతి రాద్దామని కూర్చున్నాను. మాంసం కోసం క్రాస్ కోడిపిల్లల్ని, అంటే రెండు రకాల్ని కలిపి పుట్టించిన పిల్లల్ని, ఇంట్లోనే తీయడం ఎలా అని.

మాది నూజివీడు దగ్గర పల్లె, మామిడి తోటలోనే ఇల్లు. మా దగ్గర కాకిడేగ పుంజు ఒకటి ఉంది, పందెం జాతిది, ఛాతీ వెడల్పుగా, కాళ్ళు దిట్టంగా ఉంటుంది. దానికింద ఎనిమిది వనరాజా పెట్టలు. వనరాజా అంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం. పుంజు పందెం జాతిది, పెట్టలు వనరాజావి ఎందుకంటే లెక్క చాలా సులువు. పందెం జాతి పెట్ట ఏడాదికి 40 గుడ్లు పెడితే గొప్ప, మధ్యలో పొదుగుకి కూర్చుని నెలలు గడిపేస్తుంది. వనరాజా పెట్ట 100 దాకా పెడుతుంది. కండ, గట్టిదనం పుంజు నుంచి తెచ్చుకోవాలి, గుడ్ల సంఖ్య పెట్ట నుంచి తెచ్చుకోవాలి. తిరగేసి కలిపితే పిల్లలు బాగానే ఉంటాయి కానీ ఏడాదికి చేతికొచ్చేవి సగం కూడా ఉండవు.

అందరికీ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. మొదటి తరం క్రాస్ పిల్లలు బాగా ఎదిగాయి కదా అని వాటిలోంచే ఒక పుంజునీ నాలుగు పెట్టల్నీ ఉంచి వాటి గుడ్లు పొదగేయకండి. రెండు వేరు వేరు రక్తాలు కలిసినప్పుడు వచ్చే ఊపు ఆ తరంలోనే ఎక్కువ, వాటిలో వాటిని కలిపితే ఒకటి తాతలా, ఒకటి అమ్మమ్మలా, ఒకటి ఇద్దరిలా కాకుండా పుడుతుంది, ఒకే ఈడు పిల్లల్లో ఒకటి కిలోన్నర ఉంటే పక్కది ముప్పావు కిలో దగ్గరే ఆగిపోతుంది. క్రాస్ కావాలంటే ప్రతిసారీ తల్లిదండ్రుల దగ్గర్నుంచి మళ్ళీ తీయాల్సిందే. వనరాజా కూడా రెండు వంశాల్ని కలిపి చేసినదే కాబట్టి మా పిల్లలు ఒక్క రంగులో ఉండవు, ఎదుగుదలలో మాత్రం మరీ తేడా రాదు. బాయిలర్ పెట్టను ఉంచుకుని గుడ్లు పెట్టిద్దామని కూడా కొందరు చూస్తారు. మేత కొలిచి పెట్టకపోతే అది గుడ్లకొచ్చే వయసుకే ఒళ్ళు పెరిగి కాళ్ళు పట్టేసి కూర్చుంటుంది, పాపం.

పుంజును మార్చినప్పుడు నేను చేసిన తప్పు వల్ల ఒక విడతలో సగం పోయింది. అంతకుముందు పెట్టలతో వనరాజా పుంజే ఉండేది. దాన్ని తీసేసి కాకిడేగను వదిలిన వారం నుంచే గుడ్లు ఏరాను. నెలన్నరకి చూస్తే సగం పిల్లల తలమీద రంపం పళ్ళలా నిలువు జుట్టు! జాతి పుంజు పిల్లలకి జుట్టు అణిగి చిన్నగా ఉండాలి. సంగతేంటంటే పాత పుంజు బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు బతికే ఉంటుంది. కొత్త పుంజును వదిలాక కనీసం 3 వారాల గుడ్లు వండుకు తినేయండి, ఆ తర్వాతవే పొదగేయండి.

గుడ్లు మరీ పొడుగువి, మరీ గుండ్రంవి, రెట్ట అంటినవి వద్దు, కడగొద్దు. మొన దిగువకు పెట్టి చల్లని చోట ఉంచి వారంలోపు వేసేయాలి, మా ఎండల్లో అయితే నాలుగు రోజులే. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్లో 37.5 డిగ్రీలు, తేమ 50 నుంచి 55 శాతం. పెన్సిల్‌తో ఒకవైపు ఇంటూ, ఇంకోవైపు సున్నా రాసుకుని రోజుకి మూడుసార్లో ఐదుసార్లో తిప్పాలి. ఈ సంఖ్య బేసిగా ఉంటే రాత్రిపూట గుడ్డు ఎప్పుడూ ఒకే పక్కన పడుకోదు.

ఏడో రోజు రాత్రి లైట్లన్నీ ఆర్పేసి ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తాను. బతికిన గుడ్డులో మధ్యలో చిన్న నల్ల చుక్క, దాని చుట్టూ సాలెగూడులా ఎర్రటి నరాలు, ఓపిగ్గా చూస్తే ఆ చుక్క కదులుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు మాట రాదు. ఏమీ లేకుండా తెల్లగా వెలిగినవి, లోపల ఎర్రటి ఉంగరంలా గీత కట్టినవి తీసేయాలి, లేకపోతే మురిగి పగులుతాయి.

ఇక ఈ చివరి మూడు రోజులు. తేమ 65 నుంచి 70కి పెంచాలి. పెంకు మీద మొదటి పగులు కనిపించాక పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి పూర్తిగా ఒక రోజు పడుతుంది. ఆ టైంలో టెన్షన్ తట్టుకోలేక మూత తీశామా, తేమ పోయి లోపలి పొర తోలులా బిగుసుకుని పిల్ల అందులోనే ఇరుక్కుపోతుంది. పోయినేడు నా చేతుల్లో అలా రెండు పోయాయి. పుట్టిన పిల్లకి మేత పెట్టాలన్న తొందర కూడా వద్దు, పొట్టలో మిగిలిన పచ్చసొన రెండు రోజులు దాన్ని కాపాడుతుంది. ఒళ్ళు ఆరి బూరులా అయ్యాకే బయటికి తీయండి.

మొదటి వారం బల్బు కింద 34 డిగ్రీల దాకా వెచ్చదనం ఇవ్వండి, తర్వాత వారం వారం తగ్గించండి. పిల్లలు బల్బు కింద గుంపుగా మూగితే చలి, గోడలకి అంటుకుంటే వేడి, థర్మామీటర్ కన్నా అవే బాగా చెప్తాయి. ఏడో రోజులోపు కంట్లో కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్క, పద్నాలుగో రోజు గంబోరో టీకా, ఇవి మానొద్దు, కొక్కెర తెగులు వస్తే పెరడు ఒక్క వారంలో ఖాళీ. మూడో నెల నుంచి పుంజుల్ని విడదీయాలి, జాతి రక్తం ఊరుకోదు, కొట్టుకుని చస్తాయి. మాకు నాలుగు నెలలకి పుంజులు రెండు కిలోలు దాటుతున్నాయి, ముక్క నాటుకోడిలాగే గట్టిగా ఉంటోంది.

మా అత్తయ్యకి ఈ మిషన్ మీద నమ్మకం లేదు. గంపలో ఇసుక, గడ్డి వేసి, ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టి, జాతి పెట్టను 12 గుడ్ల మీద కూర్చోబెట్టారు. నా గుడ్లు, ఆవిడ గుడ్లు ఒకేరోజు వేశాం. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రెండు గంటలు లాగుతుంది, ఆపైన పోతే ఏంటని అడిగితే ఆవిడ చెప్పింది, "అంతగా అయితే నీవి కూడా నాలుగు తెచ్చి దీని రెక్కల కింద తోసెయ్యి, అది కాదనదు."