నూటపదహారులో రాని బాకీలు

డిసెంబరు ఆఖరి ఆదివారం నాకు క్యాలెండర్లో లేని పండగ. మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరుచుకుని డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంటాను. సాయంత్రం కాఫీ వేళ దాకా నన్ను ఎవరూ కదిలించరు. పదేళ్ల నాటి జాబితా ఒకటుంది, బతికుండగా చేయాలనుకున్నవన్నీ రాసుకున్నది. ఈ ఏడాది ఎన్ని అయ్యాయి, ఎన్ని మిగిలాయి అని చూసుకోవడమే ఆ పండగ.

2015లో బెంగళూరు మారతహళ్ళిలో అద్దె ఇంట్లో ఉండగా మొదలుపెట్టాను. ముప్పై నిండబోతున్నాయన్న టెన్షన్ ఒకటి, ఆఫీసువాళ్లిచ్చిన డైరీ ఖాళీగా పడుండటం ఒకటి. జాన్ గొడ్డార్డ్ అనే అమెరికన్ గురించి అప్పుడే చదివాను. పదిహేనేళ్ల వయసులో 127 కోరికలు రాసుకుని, జీవితమంతా ఒక్కొక్కటే తీర్చుకుంటూ పోయాడు. నైలు నదిలో చిన్న పడవ వేసుకుని వెళ్లాడు. చంద్రుడి మీదికి వెళ్లాలని కూడా రాసుకున్నాడు, అది మాత్రం కుదరలేదు పాపం. నేను వంద చాలనుకున్నాను. వంద పూర్తయ్యాక చేయి ఊరుకోలేదు. చదివింపుల్లో నూటపదహార్లు రాయించే జాతి కదా మనది, ఇంకో 16 కలిపాను. ఆ ఆఖరి పదహారూ చదివితే ఇప్పటికీ నవ్వొస్తుంది. 'బస్సులో కిటికీ సీటు కోసం మొహం మాడ్చుకోకూడదు' అన్నది 113వది.

తర్వాత అదంతా గూగుల్ షీట్‌లోకి ఎక్కించాను. వరుస నంబరు, కోరిక, గడువు, ఎంతవరకు వచ్చింది, చివర్లో ఏమైనా రాసుకోవడానికి 'మాట' అనే గడి. అయిపోయినవాటికి ఆకుపచ్చ, సగంలో ఉన్నవాటికి పసుపు, గడువు ముంచుకొచ్చినవాటికీ దాటినవాటికీ ఎరుపు. అన్నిటికన్నా పైగడిలో ఒక ఫార్ములా, అయినవి మొత్తంలో ఎంత శాతమో చెప్పడానికి. టెస్టింగ్ ఉద్యోగం చేసేదాన్ని, పాస్ ఎన్ని ఫెయిల్ ఎన్ని అన్నది రోజూ చూసేదే. ఆ శాతం గడి మీద మోజు అలా మొదలైంది. చాలా ఏళ్లు నన్ను ఆడించింది కూడా అదే.

చిక్కెక్కడంటే, ఆ గడికి అన్నీ సమానమే. బసవనగుడిలో కార్తీకమాసం ఆఖరి సోమవారం జరిగే పల్లీల జాతర, కడలెకాయి పరిషెకి వెళ్లి పొట్లం పల్లీలు కొనుక్కొచ్చినా ఒకటే మార్కు, 2019 మేలో వరల్డ్ టెన్‌కే, అంటే పది కిలోమీటర్ల పరుగు గంటా ఇరవై ఏడు నిమిషాల్లో పూర్తిచేసి రెండు రోజులు మెట్లు దిగలేకపోయినా ఒకటే మార్కు.

ఇంకో చిక్కు, గీత ఎక్కడ గీయాలన్నది. నాలుగో నంబరు 'ఈత నేర్చుకోవాలి'. మా మదనపల్లె వైపు మగపిల్లలకు నడుముకి బెండు కట్టి బావిలోకి తోసేవాళ్లు. మమ్మల్ని గట్టు మీద బట్టలకు కాపలా పెట్టేవాళ్లు. 38 ఏళ్లకి కాలనీ పూల్‌లో దిగాను. చేతులూ కాళ్లూ మాట విన్నాయి కానీ ఊపిరి వినలేదు. మొహం నీళ్లలో ఉన్నప్పుడే గాలి వదిలేయాలి, తల పక్కకి తిప్పినప్పుడు పీల్చుకోవడం ఒక్కటే చేయాలి. నేనేమో బిగబట్టుకుని ఉండి, తల తిప్పాక వదలడమూ పీల్చడమూ రెండూ ఆ అరక్షణంలో చేయబోయేదాన్ని. నీళ్లు ముక్కులోంచి నడినెత్తికెక్కేవి. ఇది కుదరడానికి ఏడు వారాలు పట్టింది. సరే, ఇంతకీ నేర్చుకున్నట్టా కాదా? నేర్చుకోవాలి అని రాసుకుంటే ఎప్పటికీ తేలదు. అందుకని '25 మీటర్లు ఎక్కడా ఆగకుండా' అని మార్చుకున్నాను. మూడో నెలలో గోడ ముట్టుకున్న రోజు తడిచేతులతోనే ఫోన్ తీసి ఆ గడి పచ్చగా చేశాను.

31వ నంబరు ఇంటి అప్పు. కుందలహళ్ళిలో ఫ్లాట్ కొని, 2018 ఏప్రిల్ నుంచి ఇరవై ఏళ్లకు, అంటే 240 కంతులు. మొన్న డిసెంబరుకి 93 కట్టాను. షీట్‌లో 38.75 శాతం అని చూసి భుజం తట్టుకున్నాను. ఎనిమిదిన్నర వడ్డీతో లెక్క వేసి చూస్తే అసలులో తీరింది సుమారు అయిదో వంతే. మొదటి ఏళ్లలో కంతులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుందని తెలియక కాదు, తెలిసినా కంతుల లెక్క చూసుకోవడమే హాయిగా ఉండేది.

కొలవలేనివి మరీ కష్టం. 66వది 'కోపం తగ్గించుకోవాలి'. దీనికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతి పట్టుకున్నాను. ఆయన పదమూడు సద్గుణాలు రాసుకుని, వారానికొకటి చొప్పున గట్టిగా పట్టించుకుంటూ, తప్పిన రోజు చిన్న పుస్తకంలో నల్లచుక్క పెట్టుకునేవాడు. నేనూ ఫ్రిజ్ మీద కాగితం అంటించి, అరిచిన ప్రతిసారీ చుక్క పెట్టడం మొదలుపెట్టాను. మూడో రోజుకల్లా పెన్ను మా అమ్మాయి చేతికి పోయింది. "అమ్మా, ఇప్పుడన్నది చుక్కా, సగం చుక్కా?" అని అడిగేది. దాని మీద అరిచినందుకు ఇంకో చుక్క. రెండు వారాలకి కాగితం పీకేశాను. మా ఆయన ఆ పీకడానికి కూడా చుక్క పెట్టాలన్నాడు.

మొన్న డిసెంబరు 28న షీట్ తెరిస్తే పైగడిలో 41.3 శాతం. 109లో 45. నలభై దాటానని పొంగిపోతున్నాను. నాయన హాల్లోంచి వచ్చి వెనక నిలబడ్డాడు. అమ్మ పోయాక మదనపల్లెలో అంగడి మూసేసి మా దగ్గరే ఉంటున్నాడు.

"ఏంది పాపా, లెక్క చూస్తాండావా?"

మా వైపు లెక్క అంటే డబ్బులే. కాదు నాయనా, ఇవి వేరే లెక్కలని మొదటి నుంచీ చెప్పాను. శ్రద్ధగా విని, వేలుపెట్టి వరుసలు చూసి, "నూటపదహార్లు అంటివే, ఈడ నూటతొమ్మిదే ఉండాయి" అన్నాడు. నలభై ఏళ్లు చిల్లరంగడి నడిపినాయన కంటికి అది దొరక్కపోతే ఆశ్చర్యపోవాలి.

నిజం చెప్పాల్సి వచ్చింది. 2019 చివర్లో 29 అయ్యాయి, 116లో సరిగ్గా పావు వంతు. నాలుగేళ్లు దాటినా పావు దగ్గరే ఉన్నానని ఉక్రోషం వచ్చి, ఎలాగూ చేయలేనివని నాలుగు వరుసలు తీసేశాను. వీణ అందులో ఒకటి. ఆరు నెలలు నేర్చుకుని అటక ఎక్కించినది. తీసేయగానే 25.9. ఏమీ చేయకుండానే ముందుకు పోయినట్టు! 2022 జనవరిలో ఇంకో మూడు తీశాను.

నాయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మా అంగట్లో ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పద్దుల పుస్తకం ఉండేది. ఉగాదికి కొత్తది తెచ్చి నాలుగు మూలలా పసుపు పూసి, మొదటి పేజీలో శ్రీ రాసి, పాత పుస్తకంలోంచి ఒక్కొక్క పేరూ దించేవాడు. చెల్లినవాళ్ల పద్దుకి అడ్డంగా గీత. చెల్లించాల్సినవాళ్ల పేరు కింద 'పాత బాకీ' అని కొత్తదాంట్లోకి ఎక్కేది. ఇంక రావని తేలినవి, ఊరు విడిచి పోయినవాళ్లవి, మనుషులే పోయినవి, ఆఖరి పేజీలోకి వెళ్లేవి. వాటి మీద గీత ఉండేది కాదు. చిన్నప్పుడు అవి ఎందుకు మళ్లీ మళ్లీ దించుతాడో అర్థమయ్యేది కాదు. చేతిరాత బాగుందని ఆ పేజీ నా చేత రాయించేవాడు.

"గీత కొట్టేది చెల్లినోళ్ల పద్దుకి. రాని బాకీ చించి పారేస్తే అంగడి లెక్క యాడ సరిపోతాది? అది కూడా మన సరుకే కదా పోయింది" అన్నాడు.

తర్వాత అడిగాడు, రెండోసారి తీసేసిన మూడూ ఏవని.

ఒకటి కశ్మీర్లో ట్యులిప్ తోట, ఒకటి ఏదో సర్టిఫికెట్ పరీక్ష. మూడోది 88వ నంబరు. 'అమ్మ వంటలు 40 రాసి పెట్టుకోవాలి, గడువు 2022.' ఊరెళ్లినప్పుడల్లా రాద్దామనుకోవడం, అమ్మ "రాసేదేముంది, పక్కన నిలబడి చూడు" అనడం, నేను ఫోన్‌లో ఆఫీసు మెయిల్ చూసుకోవడం. ఆరు రాశాను. పుల్లగూర, ఊరిబిండి, ఓళిగలు, ఇంకో మూడు. 2021లో అమ్మ పోయింది. ఆ డిసెంబరులో షీట్ తెరిస్తే 40లో 6 అని ఆ వరుస పసుపురంగులో ఉంది. జనవరి రాగానే గడువు ముంచుకొచ్చిందని ఎర్రబడటం మొదలయ్యేలా ఫార్ములా నేనే పెట్టుకున్నాను. అది చూడలేక వరుసే తీసేశాను. తోడుగా మిగతా రెండూ తీసేశాను, అదొక్కటే తీసినట్టు ఉండకూడదని.

నాయనతో ఇంత వివరంగా చెప్పలేదు. నంబరూ కోరికా చదివాను, అంతే. కాసేపుండి లేచి వెళ్లి బాల్కనీలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పాత డైరీ వెతికి ఏడు వరుసలూ మళ్లీ ఎక్కించాను. 116లో 45. 38.8 శాతం. రంగులు కూడా మార్చాను. చెల్లింది, కొంత చెల్లింది, పాత బాకీ, రాని బాకీ. ఎరుపు తీసేశాను. వీణ, పరీక్ష రాని బాకీల్లోకి వెళ్లాయి. కశ్మీర్ పాత బాకీ. 88ని ఎక్కడ పెట్టాలో తేలక ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఇక్కడ తొమ్మిదో నంబరు సంగతి చెప్పాలి, కన్నడ చదవడం. మాట్లాడటం ఎప్పుడో వచ్చేసింది. చదవడానికి బద్ధకం. నిజానికి తెలుగువాళ్లకి ఇది సగం ఉచితంగా వచ్చే మార్కు. ఒకప్పుడు రెండింటికీ ఒకటే లిపి. తలకట్టు దగ్గర తేడా కనిపెడితే చాలా అక్షరాలు పట్టుబడతాయి. తికమకపెట్టేవి అంకెలు. బస్సు మీది కన్నడ అంకెలు తెలుగు అంకెల్లాగే ఉంటాయి, మనకు తెలుగు అంకెలే రావు! మాటల దగ్గర ఇంకో కిటుకుంది. పాత కన్నడంలో 'ప'తో మొదలైన మాటలు చాలావరకు తర్వాత 'హ'లోకి జారాయి. మన పాలు వాళ్ల హాలు, పులి హులి, పల్లె హళ్ళి, పేను హేను. ఇది తెలిశాక నేను బెంగళూరు బోర్డులన్నీ హ తీసి ప పెట్టుకుని చదవడం అలవాటు చేసుకున్నాను.

సంక్రాంతి ముందు ఆదివారం నాయనా నేనూ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో లైను మారి నేషనల్ కాలేజ్ స్టేషన్లో దిగి, వి.వి.పురం తిండి వీధికి వెళ్లాం. జనవరి అంటే ఈ ఊళ్లో అవరెకాయల కాలం, మా వైపు అనపకాయలు అంటాం. దోసెలో అవే, ఉప్మాలో అవే, మిక్స్చర్లో అవే. ఒక బండి మీద చేత్తో రాసిన బోర్డు కనిపించింది. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. హి, త, కి, ద. హితకిద బేళె. బేళె అంటే పప్పు. అలవాటు ప్రకారం హ తీసి ప పెట్టాను.

పితికిన పప్పు.

సంక్రాంతికి అమ్మ చేసే పితికిపప్పు కూర. రాసిన ఆరింట్లో అది లేదు. పదేళ్లుగా ఆ మాట నా చుట్టూ బోర్డుల మీద ఉంది.

"నాయనా, ఇది మన పితికిపప్పే" అంటే, "అదే కదా, నీకు తెలీదా?" అన్నాడు. రెండు కిలోల కాయలు కొన్నాం.

ఒలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున నాయన వార్తలు చూస్తూ పితికాడు. గింజని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చిన్నగా నొక్కితే తోలు వేళ్లకే ఉండిపోయి పప్పు గిన్నెలోకి ఎగురుతుంది. నావి గిన్నెలో కన్నా నేల మీద ఎక్కువ పడ్డాయి. కన్నడంలో ఆ కాయల పచ్చివాసనని సొగడు అంటారు, అది వేళ్లకి సాయంత్రం దాకా వదల్లేదు. మసాలా దగ్గర ఆగిపోయాం. కొబ్బరి, ధనియాలు, గసాలు, చెక్క, లవంగం, ఇంతవరకు నాయనకు తెలుసు. "కడాన ఇంకోటేదో ఏస్తాండె మీ అమ్మ. వాసన చూస్తే చెప్తా" అన్నాడు.

డబ్బాలన్నీ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టాను. సోంపు కాదన్నాడు. మరాఠీ మొగ్గ కాదన్నాడు. మెంతులకి కొంచెం ఆగి, ఇదీ కాదన్నాడు. ఏదీ వేయకుండానే దించేసి సంగటితో పెట్టాను. రెండు ముద్దలు తిని, "దగ్గర్లో ఉండాది" అన్నాడు.

88వ వరుసలో ఇప్పుడు 'కొంత చెల్లింది, 40లో ఆరున్నర' అని ఉంది. పక్కన మాట గడిలో: ధనియాలు ఇంకా దోరగా వేయించాలి. కడాన వేసేది తేలలేదు. ఊళ్లో పెద్దమ్మకు ఫోన్ చేయాలి, మిగిలిన గింజలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.