పన్నెండు అంగుళాల ఇనుము

శనివారం, రాత్రి పదిన్నర.

ఉదయం ఆరున్నరకే గ్యారేజీ తలుపు ఎత్తాను. డ్రైవరు కూర్చునే క్యాబునూ, సామాను వేసే వెనుక తొట్టినీ విప్పి పక్కన పెట్టి మూడు వారాలైంది; 1972 నాటి షెవ్రోలే సీ-10 పికప్ ఇప్పుడు నాలుగు స్టాండ్ల మీద ఉత్త ఛాసిస్‌గా, అంటే బండి బరువు మోసే ఇనుప చట్రంగా మిగిలింది. దానికి ఇరుపక్కలా పొడవునా ఉండే రెండు ఇనుప దూలాల్లో కుడిదాని మీద పోయిన వారం నేను సుద్దతో గీసిన రెండు గీతలు అలాగే ఉన్నాయి. వాటి మధ్య దూరం 12 అంగుళాలు. అంత ముక్కను రెండు దూలాల్లోనూ కోసి తీసేసి, కొసలు కలిపి వెల్డింగ్ చేస్తే, పొడుగు బండి చక్రాల మధ్య దూరం పొట్టి బండిదే అవుతుంది. సోమవారం ఛాసిస్‌ను శాండ్ బ్లాస్టింగ్‌కు, అంటే ఇసుక చిమ్మి పాత రంగూ తుప్పూ వదిలించడానికి పంపాలి కనుక, కోయడమో మానడమో ఈ రోజే తేల్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

1967 నుంచి 1972 వరకు వచ్చిన ఈ తరం సీ-10ను కంపెనీ రెండు పొడవుల్లో తయారుచేసింది. ముందు చక్రాల నుంచి వెనుక చక్రాలకు 115 అంగుళాలున్న బండికి ఆరున్నర అడుగుల తొట్టి, 127 అంగుళాలున్న బండికి ఎనిమిది అడుగుల తొట్టి. ఇక్కడ టెక్సస్‌లో పాత పికప్‌లు చేరే చోటికి వెళ్తే జనం మూగేది పొట్టిదాని చుట్టూనే. పొడుగుది పొలం పనులు చేసిన బండి కనుక ధర తక్కువ పలుకుతుంది, కోరుకునేవారూ తక్కువ. నేను డెంటన్ అవతల ఒక రైతు దగ్గర పొడుగుది కొన్నది నా చేతికి అందే ధర అదే కావడం వల్ల, తర్వాత కోయించుకోవచ్చన్న ధీమా వల్ల. కొన్న రోజు నుంచీ నా మనసులో ఉన్నది పొట్టి బండే.

తొమ్మిదింటికి వెల్డింగ్ చేసే మిత్రుడు వచ్చాడు. ఇలాంటివి చాలా కోసిన చెయ్యి అతనిది. ముందు దారానికి గుండు కట్టి, ఛాసిస్ మూలల నుంచి నేల మీదికి గురుతులు దించి, టేపుతో మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా రెండు వైపులా కొలిచాడు. రెండు కొలతలకూ ఒక్క నూలు తేడా కూడా లేదు. ఇన్నేళ్లు పొలాల్లో తిరిగిన ఛాసిస్ ఇంత వంకర లేకుండా ఉండడం తాను అరుదుగా చూశానని చెప్పి, మళ్లీ ఒకసారి కొలిచి చూసుకున్నాడు.

తర్వాత గంటసేపు అతను చెప్పిన విషయాలు నేను చదివిన వాటికంటే ఎంతో స్పష్టంగా ఉన్నాయి. దూలాన్ని నిటారుగా ఒకే గీతన కోయకూడదు. అలా కోస్తే బరువంతా అతుకు మీద ఒకే చోట పడుతుంది. మెట్టు ఆకారంలో కోసి, లోపలి వైపు ఒక పలక వేసి, ఆ పలక కొసలను ఏటవాలుగా చెక్కాలి. బరువుకు దూలం వంగేటప్పుడు ఒత్తిడంతా ఎక్కువగా మోసేవి పైఅంచూ కిందిఅంచూ కనుక, అక్కడ కొత్త రంధ్రాలు వేయకూడదు. వెనుక యాక్సిల్‌ను, అంటే చక్రాల ఇరుసును పట్టి ఉంచే రెండు పొడవాటి చేతుల ముందు కొసలు ఒక అడ్డదూలానికి బిగించి ఉంటాయి. యాక్సిల్ 12 అంగుళాలు ముందుకు వస్తే ఆ అడ్డదూలమూ అంతే ముందుకు రావాలి, రెండు వైపులా సమంగా రావాలి, లేకపోతే బండి రోడ్డు మీద ఎప్పటికీ ఒక పక్కకే లాగుతుంది. ఇంజిన్ తిప్పే శక్తిని వెనుక చక్రాలకు చేర్చే డ్రైవ్ షాఫ్ట్‌ను కురచ చేయించి బ్యాలెన్స్ చేయించాలి. బ్రేకు గొట్టాలు, పార్కింగ్ బ్రేకు కేబుల్ మారాలి. పెట్రోలు ట్యాంకు ఈ తరం బండ్లలో క్యాబు లోపల, సీటు వెనుకే ఉంటుంది కనుక ఆ ఒక్క చిక్కు లేదు. కోత ఒక మధ్యాహ్నం పనే అనీ, దానికి ముందూ వెనుకా ఉన్నదే అసలు పని అనీ అతను అన్నాడు. కోయమనీ అనలేదు, వద్దనీ అనలేదు. వెళ్తూ వెళ్తూ, ఈ బండిలో ఏం మోయాలనుకుంటున్నావని మాత్రం అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

పదకొండింటికి మా ఆవిడ టీ తెచ్చి, సుద్ద గీతల వంక కాసేపు చూసి, "పొట్టిదే కావాలనుకుంటే మొదటే పొట్టిది కొనాల్సింది కదండీ" అంది. ధర సంగతి చెబితే, ఇప్పుడయ్యే ఖర్చు కూడా కలిపి చూశారా అని అడిగింది. కాగితం తీసుకుని కూర్చున్నాను. పొట్టి తొట్టికి కొత్త పక్క రేకులు, నేల చెక్కలు, షాఫ్ట్, వెల్డింగ్ కూలి వేసుకుంటూ పోతే, మిగిలిందనుకున్న డబ్బులో పెద్దగా ఏమీ మిగలలేదు.

మధ్యాహ్నం డాష్‌బోర్డు సామాను సర్దుతుంటే గ్లోవ్ బాక్సు మూత చేతికి వచ్చింది. దాని లోపలి వైపు ఫ్యాక్టరీలో అంటించిన చీటీ పసుపు పచ్చగా మారినా అక్షరాలు చెదరలేదు. మోడల్ నంబరు సీఈ10934. అందులో ఈ అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, 9 అంటే పొడుగు ఛాసిస్. పొట్టి బండికైతే అక్కడ 7 ఉంటుంది. కోశాక కూడా ఆ చీటీ అక్కడే ఉంటుంది, బండి మాత్రం వేరుగా ఉంటుంది. రేపు దీన్ని కొనేవారికి నేను ఆ అతుకు చూపించి చెప్పాలి, చెబుతాను కూడా. అయితే నా తర్వాత అమ్మేవారు చెబుతారన్న నమ్మకం నాకు లేదు.

వెల్డర్ అడిగిన దానికి జవాబు సాయంత్రం పెరట్లో దొరికింది. ప్రతి వసంతంలోనూ గోంగూర, బెండ మడుల కోసం మట్టీ ఎరువూ తేవడానికి బండి అద్దెకు తీసుకుంటున్నాం. ఎనిమిది అడుగుల తొట్టిలో నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు చక్రాల గూళ్ల మధ్య నేలకు ఆనుకుని పడుకుంటుంది, వెనుక తలుపు కూడా మూసుకుంటుంది. పొట్టిదాంట్లో ఆ షీటు బయటికి పొడుచుకు వస్తుంది. పైగా ఐ-35 హైవే మీద పక్కగాలి కొట్టేటప్పుడు పొడుగు బండి నిలకడగా పోతుంది.

కోయడం లేదు. వెనుక భాగం తుప్పు తినేసి ఉన్నా, పాత ప్రమాదంలో దూలం వంగి ఉన్నా, రెండో ఆలోచన లేకుండా కోయించేవాణ్ణి. అలా కోయించినవారిని నేను తప్పుపట్టను. ఒక్క నూలు కూడా పక్కకు పోని ఛాసిస్‌ను కేవలం అందం కోసం కోయడానికి నాకు చేతులు రావడం లేదు. దిగులు లేదని మాత్రం అనలేను. క్యాబును ఆనుకుని వెనుక చక్రం ఉండే ఆ పొట్టి బండి రూపం నాకు ఈ రాత్రి కూడా కళ్లలో మెదులుతూనే ఉంది. స్ప్రింగులు మార్చి బండిని నాలుగు అంగుళాలు కిందికి దించితే పొడుగుది కూడా అందంగానే కనిపిస్తుందని వెల్డర్ అన్న మాట మీద రేపు లెక్క చూడాలి.

సోమవారం ఛాసిస్‌తో పంపే చీటీ మీద "కోత లేదు, ఉన్నది ఉన్నట్టే" అని రాసి దూలానికి కట్టాను. సుద్ద గీతలు ఇసుక దెబ్బకు ఎలాగూ పోతాయి కనుక వాటిని తుడవలేదు.