మార్చిలో ఆరు డివిజన్ల లెక్క: నా అనుభవం

మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ మొదలయ్యే ముందు ఆరు డివిజన్లలో ఎవరు గెలుస్తారో రాసిపెట్టడం చాలామందికి ఐదు నిమిషాల పని. నాకు మూడు వారాంతాలు పడుతుంది. అందులో రెండు ఒకే ప్రశ్నకు పోతాయి: ఈ ఆటగాడు ఈ ఏడాది అసలు ఎంత ఆడతాడు? ఎంత బాగా ఆడతాడన్నది తర్వాతి మాట. దానికి స్టీమర్, జిప్స్, పెకోటా లాంటి రెడీమేడ్ అంచనాలు ఉండనే ఉన్నాయి.

ఈ ఆట కొత్తగా చూస్తున్నవాళ్లకు రెండు ముక్కలు. జట్లు 30, లీగులు రెండు, ఒక్కో లీగులో మూడు డివిజన్లు, డివిజన్‌కు ఐదు జట్లు. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. 2022 నుంచి లీగుకు ముగ్గురు డివిజన్ విజేతలు, మిగతావాటిలో మెరుగైన మూడు జట్లు (వైల్డ్ కార్డ్) పోస్ట్‌సీజన్‌కు, అంటే నాకౌట్ దశకు వెళ్తున్నాయి.

మొదట నిరుటి పట్టిక తెరిచి గెలుపుల గడి కొట్టేస్తాను. దాని బదులు కొట్టిన పరుగులు, ఇచ్చిన పరుగులు రాసుకుంటాను. కొట్టిన పరుగుల వర్గాన్ని, రెండింటి వర్గాల మొత్తంతో భాగిస్తే ఆ జట్టు గెలవాల్సిన వాటా వస్తుంది. బిల్ జేమ్స్ పెట్టిన సూత్రం ఇది. వర్గం బదులు 1.83 ఘాతం వేస్తే ఇంకాస్త దగ్గరగా వస్తుంది. 2023లో మయామి మార్లిన్స్ 84 గెలిచింది, కానీ కొట్టినవి 666, ఇచ్చినవి 723. సూత్రం ప్రకారం 75 దగ్గర ఆగాలి. ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లలో 33 గెలిచి 14 ఓడటం వల్లే అన్ని గెలుపులు. అదే ఏడాది శాన్ డియాగో పాడ్రెస్‌ది సరిగ్గా తిరగేసిన కథ: పరుగుల తేడా 104 మిగులు, ఒక్క పరుగు మ్యాచ్‌లలో 9 గెలుపులు, 23 ఓటములు, చివరికి 82 దగ్గర ఆగింది. 2024లో మార్లిన్స్ 62కి పడిపోయింది, పాడ్రెస్ 93కి లేచింది. మార్లిన్స్ పతనమంతా అదృష్టం తిరగబడటం వల్లేనని మాత్రం అనను. వాళ్ల పిచ్చర్ (బంతి వేసే ఆటగాడు) శాండీ అల్‌కాంటరా మోచేయి సర్జరీతో ఏడాదంతా లేడు, బ్యాటర్ లూయిస్ అరాయెజ్‌ను మే నెలలోనే ఇచ్చేశారు, అదీ పాడ్రెస్‌కే.

ఈ నిరుటి లెక్క సరిచూసుకోవడానికే పనికొస్తుంది. అసలు పని ఇన్నింగ్స్ పట్టిక.

ఒక జట్టు పిచ్చర్లు సీజన్‌లో వేయాల్సిన ఇన్నింగ్స్ (మ్యాచ్‌కు తొమ్మిది, ఒక్కోదానిలో ముగ్గురిని అవుట్ చేయాలి) సుమారు 1440. మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్, అంటే స్టార్టర్, సగటున ఐదు ఇన్నింగ్స్ దాటి కాస్త వేసి దిగిపోతున్నాడు కాబట్టి స్టార్టర్ల వాటా 840 అనుకుంటాను, మిగతా 600 బుల్‌పెన్‌ది, అంటే తర్వాత దిగే పిచ్చర్లది. ఆ 840ని ఐదుగురి పేర్ల మీద పంచేయడమే అందరూ చేసే తప్పు. 2024లో 200 ఇన్నింగ్స్ చేరిన పిచ్చర్లు 30 జట్లలో కలిపి నలుగురే. అందుకే 162 స్టార్టులలో మొదటి ఐదుగురికి 115 నుంచి 120 మాత్రమే ఇస్తాను. మిగతా 40 పైచిలుకు ఆరు, ఏడు, ఎనిమిదో వాళ్లవి. డివిజన్ చాలాసార్లు తేలేది ఈ పేరులేని 40 స్టార్టుల దగ్గరే.

2024లో అమెరికన్ లీగ్ వెస్ట్ చూడండి. టెక్సస్ రేంజర్స్ అప్పుడే వరల్డ్ సిరీస్ గెలిచి వచ్చింది. జేకబ్ డిగ్రోమ్, మ్యాక్స్ షెర్జర్ అన్న పేర్లు రాస్తే పిచింగ్‌కు తిరుగులేదనిపిస్తుంది. డిగ్రోమ్‌కు 2023 జూన్‌లో టామీ జాన్ సర్జరీ (మోచేతి లిగమెంట్‌కు చేసేది) అయింది. పిచ్చర్ కోలుకోవడానికి 12 నుంచి 18 నెలలు. అంటే సెప్టెంబరు లోపు అతని గడిలో సున్నా ఉండాలి. షెర్జర్‌కు డిసెంబరులో నడుము సర్జరీ. చివరికి డిగ్రోమ్ మూడు మ్యాచ్‌లలో కలిపి 11 ఇన్నింగ్స్ కూడా వేయలేదు, షెర్జర్ తొమ్మిది స్టార్టులు చేశాడు, జట్టు 78 గెలుపులతో మూడో స్థానంలో ఆగింది. ఈ రెండు సర్జరీలూ మార్చికి ముందే అందరికీ తెలిసిన సంగతులు. గడిలో అంకె వేసేటప్పుడు మాత్రం పేరు చూసి చెయ్యి జారుతుంది. నేనుండేది డల్లాస్ వైపు కాబట్టి రేంజర్స్ వరసను ఎప్పుడూ నేను నింపను. హ్యూస్టన్‌లో ఉండే మా బావ నింపుతాడు. ఆయన ఆస్ట్రోస్ మనిషి, మొహమాటం ఉండదు.

బ్యాటర్ల లెక్క ఇంత కష్టం కాదు. జట్టు మొత్తం మీద ప్లేట్ దగ్గరికి, అంటే బ్యాటింగ్‌కు వచ్చే సార్లు 6100 దగ్గర. లైనప్‌లో ఒక్కో మెట్టు దిగితే ఏడాదికి 18 సార్లు తగ్గుతాయి, 162ని తొమ్మిదితో భాగిస్తే వచ్చేదే అది. ఒక్కరికి ఎన్నిసార్లు ఇవ్వాలో తేల్చడానికి టామ్ టాంగో పెట్టిన మార్సెల్ పద్ధతి చాలు: నిరుటి సంఖ్యలో సగం, అంతకు ముందటి ఏడాది సంఖ్యలో పదో వంతు, దానికి 200 కలపాలి. నిరుడు 600, ముందేడు 500 అయితే 300, 50, 200 కలిసి 550. రెండేళ్లూ 650 ఆడిన మొండివాడికి కూడా ఈ సూత్రం 590కి మించి ఇవ్వదు. మొదట్లో పిసినారితనంగా తోస్తుంది కానీ జట్టు మొత్తానికి లెక్క సరిగ్గా కుదురుతుంది. క్యాచర్లకు ఇంకా తగ్గించి 450 దగ్గర ఆపుతాను. మోకాళ్ల మీద కూర్చునే పని, రోజూ ఎవరివల్లా కాదు.

తర్వాత ప్రతి గడినీ వార్‌లోకి మారుస్తాను. మైనర్ లీగు (కింది స్థాయి లీగు) నుంచి కనీస జీతానికి దొరికే మనిషి బదులు ఇతను ఆడితే జట్టుకు ఎన్ని గెలుపులు ఎక్కువ వస్తాయన్నదే వార్. పది పరుగులు ఒక గెలుపు అనుకుంటే చాలు. అచ్చంగా అలాంటి మనుషులతోనే నింపిన జట్టు 48 కంటే కాస్త తక్కువ గెలుస్తుంది. ఆ పునాది మీద జట్టు వార్ మొత్తం కలిపితే గెలుపుల అంచనా.

ఇక్కడ తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. 30 జట్ల గెలుపులు కలిపితే 2430 రావాలి, ఒకటి ఎక్కువా కాదు తక్కువా కాదు. 30 జట్ల వార్ కలిపితే 1000 రావాలి. మొదటిసారి కలిపినప్పుడు ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, ఎందుకంటే మార్చిలో అందరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. 1060 వచ్చిందనుకోండి. తలా రెండు కోసేస్తే లెక్క కుదురుతుంది కానీ అన్యాయం జరుగుతుంది. ఎక్కువైన 60 సాధారణంగా స్టార్టర్ల గడుల్లోనే దాక్కుని ఉంటుంది. అక్కడికి తిరిగి వెళ్లి కోస్తే రిజర్వులు బాగున్న జట్టుకు తక్కువ దెబ్బ, లేని జట్టుకు ఎక్కువ దెబ్బ పడుతుంది. పడాల్సిందీ అలాగే. మిల్వాకీ బ్రూవర్స్‌ను ఏటా అందరూ తక్కువగా చూడటానికి ఈ రిజర్వుల బలాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే కారణమని నా అనుమానం. 2024కు ముందు మేనేజర్ (ప్రధాన కోచ్) క్రెయిగ్ కౌన్సెల్ షికాగో కబ్స్‌కు వెళ్లిపోయాడు, కార్బిన్ బర్న్స్‌ను ఓరియోల్స్‌కు ఇచ్చేశారు, బ్రాండన్ వుడ్రఫ్ భుజం సర్జరీతో ఏడాదంతా లేడు. అయినా 93 గెలిచి డివిజన్ పట్టుకుపోయారు, మరుసటేడు 97.

షెడ్యూల్ మీద ఎక్కువ సమయం పెట్టను. 2022 దాకా డివిజన్‌లోని ఒక్కో ప్రత్యర్థితో 19 మ్యాచ్‌లు, మొత్తం 76. 2023 నుంచి 13 చొప్పున 52 మాత్రమే. బలహీనమైన డివిజన్‌లో ఉన్న లాభం ఆ మేరకు తగ్గింది, ఒకటి రెండు గెలుపులకు మించి దిద్దను. స్టేడియం సంగతి మాత్రం ఆటగాళ్ల అంకెల దగ్గర చూడాలి. డెన్వర్ మైలు ఎత్తున ఉండటం, అక్కడ బంతి ఎక్కువ దూరం పోవడం పాత విషయమే. 2025లో టాంపా బే రేస్ తుపాను దెబ్బకు తమ డోమ్ (పైకప్పున్న స్టేడియం) వదిలి టాంపాలోని స్టైన్‌బ్రెన్నర్ ఫీల్డ్‌లో, అథ్లెటిక్స్ వెస్ట్ శాక్రమెంటోలోని మైనర్ లీగు మైదానంలో ఆడాయి. అలాంటప్పుడు పాత స్టేడియం మూడేళ్ల పరుగుల సగటు తీసి పక్కన పెట్టాల్సిందే.

అరిజోనా, ఫ్లోరిడాల్లో జరిగే స్ప్రింగ్ మ్యాచ్‌ల (సీజన్‌కు ముందు సన్నాహక మ్యాచ్‌లు) బ్యాటింగ్ సగటులు చూసి పప్పులో కాలేయకండి. అవతల వేసేది సగంమంది మైనర్ లీగు పిచ్చర్లు. నేను చూసేది ఒక్కటే, స్టార్టర్ ఫాస్ట్‌బాల్ వేగం. నిరుటికన్నా గంటకు రెండు మైళ్లు తగ్గి, మార్చి మూడో వారానికి కూడా కోలుకోకపోతే అతని ఇన్నింగ్స్ మూడో వంతు కోస్తాను.

ఇప్పుడు శాతాలు. రెండు సమాన జట్లు ఆడినా, 162 మ్యాచ్‌లలో ఒక్క అదృష్టం వల్లే గెలుపులు మామూలుగా అటూ ఇటూ ఆరు పైచిలుకు ఊగుతాయి (ప్రామాణిక విచలనం). మన అంచనాలోని తప్పు కూడా కలిపి నేను తొమ్మిది పెట్టుకుంటాను. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి జట్టుకూ దాని అంచనా చుట్టూ తొమ్మిది విచలనంతో యాదృచ్ఛిక సంఖ్య తీసి, ఐదింటిలో పెద్దది ఎవరిదో గుర్తించి, పదివేల వరసలు దించుతాను. డివిజన్ అంచనాలు 91, 87, 84, 79, 70 అనుకుందాం. నాలుగు గెలుపులు ముందున్న జట్టు డివిజన్ గెలిచే అవకాశం 48 శాతం దగ్గర తేలుతుంది, సగం కూడా లేదు! ఆరు డివిజన్లూ ఇలాంటివే అయితే ఆరూ సరిగ్గా చెప్పే అవకాశం 1.2 శాతం. మూడు సరిపోతే ఆ ఏడాది లెక్క బాగున్నట్టే.

అందుకే ఆఖరి జట్టుకు కూడా సున్నా రాయను. 2024లో 74 గెలుపులతో తమ డివిజన్‌లో అట్టడుగున ఉన్న టొరాంటో బ్లూ జేస్ 2025లో 94తో డివిజన్ గెలిచింది. 2021లో డాడ్జర్స్ 106 గెలిచినా శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 107తో పైన నిలిచింది. ఆ మార్చిలో జెయింట్స్‌కు 81 దాటి ఇచ్చిన లెక్క నా కంట పడలేదు.

సమాన గెలుపుల విషయం కూడా షీట్‌లో ఉండాలి. 2022 నుంచి విజేతను తేల్చే 163వ మ్యాచ్ లేదు, పరస్పర మ్యాచ్‌లలో ఎవరు ఎక్కువ గెలిస్తే వారిదే డివిజన్. ఇది అరుదైన విషయం అనుకోవద్దు. 2022లో బ్రేవ్స్, మెట్స్ చెరో 101 గెలిస్తే 10-9తో బ్రేవ్స్‌ది. 2023లో ఆస్ట్రోస్, రేంజర్స్ చెరో 90 గెలిస్తే 9-4తో ఆస్ట్రోస్‌ది. 2025లో బ్లూ జేస్, యాంకీస్ చెరో 94 గెలిస్తే 8-5తో బ్లూ జేస్‌ది. 13 బేసి సంఖ్య కాబట్టి ఇద్దరి మధ్య ఇది ఎటో ఒకవైపు తేలుతుంది. షీట్‌లో సమానం వస్తే నేను చెరి సగం వేస్తాను.

తాళం వేసే తేదీ ముందే పెట్టుకోవాలి. అమెరికాలో తొలి రోజు మార్చి చివర్లో అయినా 2024లో డాడ్జర్స్, పాడ్రెస్ మార్చి 20న సియోల్‌లో, 2025లో డాడ్జర్స్, కబ్స్ మార్చి 18న టోక్యోలో మొదలుపెట్టేశాయి. ఆ మ్యాచ్ మొదటి బంతికి ముందే షీట్ కాపీ తీసి పక్కన పెడతాను.

సీజన్ ముగిశాక మార్కులు వేయడం తేలిక. రాసిన శాతానికీ జరిగినదానికీ తేడా తీసి వర్గం చేయాలి. ఒక జట్టుకు 90 శాతం రాసి అది ఓడితే 0.81 తప్పు, 48 రాసి ఓడితే 0.23. తర్వాత ఇన్నింగ్స్ గడులు తెరిచి ఊహించిన అంకె పక్కన నిజంగా వేసిన అంకె రాస్తాను. 2024లో బ్రేవ్స్ వరస దీనికి మంచి ఉదాహరణ. స్పెన్సర్ స్ట్రైడర్ రెండు స్టార్టులకే ఆగిపోయాడు, రొనాల్డ్ అకున్యా మే 26న మోకాలు పోగొట్టుకున్నాడు. గాయాల మనిషని చాలామంది తక్కువ వేసిన క్రిస్ సేల్ మాత్రం 18 గెలిచి సై యంగ్ (ఉత్తమ పిచ్చర్ అవార్డు) పట్టుకెళ్లాడు. జట్టు 89 దగ్గర ఆగింది, డివిజన్ 95తో ఫిలడెల్ఫియాకు పోయింది.