మధ్యవేలు చివరి కణుపు: ఆరు నెలల పాత విరుపుకి ఆపరేషన్

2023 సంక్రాంతికి మా చెల్లి పిల్లలతో ఒడిశాలోని మా ఊరు రాయగడ వచ్చింది. కనుమ రోజు సాయంత్రం మా సందులో గుంటలు క్రికెట్ ఆడుతున్నారు. నేను చెల్లి కొడుకుని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. బంతి సరాసరి వాడి ముఖం మీదికి వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను. కార్క్ బంతి అది. నా కుడిచేతి మధ్యవేలు కొనకి నిలువునా తగిలింది.

నొప్పి రెండు రోజుల్లో తగ్గింది. గోరు కింద నల్లగా రక్తం కట్టింది, అదీ మెల్లగా పోయింది. కానీ వేలికొన మాత్రం కిందికి వాలిపోయి ఉండేది. రెండో చేత్తో లేపితే లేచేది, వదిలితే మళ్ళీ పడిపోయేది. పక్కింటి పెద్దమ్మ చూసి "ఏటమ్మా, ఏలు అలా వేలాడిపోతంది?" అంటే బెణికి ఉంటుందిలే అన్నాను. అప్పటికి నేనూ అదే నమ్మాను.

నాటుకట్టు కట్టే ఆయన దగ్గరికి వెళ్ళాను. వెదురు బద్దలు పెట్టి, గుడ్డు తెల్లసొన రాసి కట్టాడు. మూడు రోజులకోసారి విప్పి, నూనె రాసి, వేలు ముడిపించి మళ్ళీ కట్టేవాడు. అలా విప్పి ముడిపించడమే పెద్ద తప్పని నాకు తర్వాత తెలిసింది. ఈ దెబ్బకి మొదట్లోనే వేలికొనను నిటారుగా ఉంచే కట్టు వేసి, 6 నుంచి 8 వారాల పాటు ఒక్కసారి కూడా కిందికి వాలనివ్వకుండా ఉంచాలట. ఒకసారి వాలితే లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచే. నెల తర్వాత ఒకచోట ఎక్స్‌రే తీయించాను. చెయ్యి మొత్తం బోర్లా పెట్టి తీశారు. ఎముకకి ఏమీ కాలేదు, వాపు మాత్రలు వాడమన్నారు.

నేను బ్లౌజులు కుట్టి బతికేదాన్ని. ఇంటి ముందు గదే నా షాపు. వచ్చేవాళ్ళలో సగం మంది అక్కా అంటారు, సగం మంది ఒడియాలో అపా అంటారు. మిషన్ తొక్కడానికి ఆ వేలితో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా చేతిపనికి. హుక్కులు, కాజాలు, ఫాల్ అన్నీ ఆ వేలు సూదిని వెనక నుంచి తోస్తేనే జరిగేవి. బాబిన్ పెట్టేటప్పుడు వాలిన కొన ఇనుముకి తగులుకునేది. పట్టుగుడ్డ మీద చెయ్యి ఆనిస్తే గోరు దారాలు లాగేసేది. మే నెల వచ్చేసరికి ఇంకో మార్పు కనిపించింది. కొన కిందికి వాలి, నడిమి కణుపు వెనక్కి వంగడం మొదలైంది. చెయ్యి చాపితే వేలు హంస మెడలా కనిపించేది. అప్పుడు భయం వేసింది.

నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక నర్సమ్మ ఉంది. ఆమె వేలు పట్టుకుని చూసి, "అపా, మామూలు ఎముకల డాక్టరు కాదు, చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరుకి చూపించు" అంది. ఆ మాటే నాకు దారి చూపింది.

మా ఆయనకి సెలవు దొరికాక జూన్‌లో రైలెక్కి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ వెళ్ళాం. ఆ డాక్టరు మొదట అడిగింది పాత రిపోర్టు కాదు, వేలు చాపమన్నారు. తర్వాత ఆ ఒక్క వేలికే పక్క నుంచి ఎక్స్‌రే తీయించారు. మిగతా వేళ్ళు అడ్డం రాకుండా మడిచి, ఆ వేలు ఒక్కటే చాపి తీశారు. ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూపిస్తే నాకే తెలిసిపోయింది. చివరి ఎముక మొదట్లో, పైవైపున, చిన్న ముక్క విడిపోయి దూరంగా నిలబడింది. కణుపులో ఎముక ఆనే ముఖంలో మూడో వంతుకన్నా ఎక్కువే ఆ ముక్కతో పోయింది. మిగిలిన ఎముక అరచేతి వైపుకి జారింది.

ఆయన ఓపికగా చెప్పారు. వేలికొనను పైకి లేపేది నరం కాదట, తాడులాంటిదట. ఆ తాడు చివర ఎముకకి అతుక్కుని ఉంటుంది. బంతి తగిలినప్పుడు తాడు తెగలేదు, అతుక్కున్న చోట ఎముక ముక్కనే పీక్కుని వచ్చేసింది. నాకు బ్లౌజు హుక్కు గుర్తొచ్చింది. కుట్టు ఊడితే హుక్కు మళ్ళీ కుట్టుకోవచ్చు. గుడ్డ ముక్కతో సహా చినిగి వస్తే ఆ ముక్కని దాని చోట పెట్టి అతకాలి. చినిగి ఆరు నెలలైతే అంచులన్నీ పీచులు తేలి ఉంటాయి, ఆ పీచు కత్తిరించకుండా కుడితే కుట్టు నిలవదు. ఇదే మాట ఆయనతో అంటే, "సరిగ్గా అంతేనమ్మా" అన్నారు. కొత్త దెబ్బైతే కొయ్యకుండానే తీగలు గుచ్చి ముక్కని నొక్కి పెట్టొచ్చట. పాతదైతే వేలు తెరిచి, మధ్యలో పెరిగిన జిగురు కండని గోకి తీసి, ఎముకని మళ్ళీ పచ్చి గాయంలా చేయాలి. అప్పుడే అతుక్కుంటుంది.

ఏం జరగొచ్చో కూడా దాచలేదు. లోపల కణుపు అరిగిపోయి ఉంటే తీగలు పెట్టి లాభం లేదు, రెండు ఎముకల్నీ నిటారుగా కలిపి అతికేయాలి, ఇక ఆ కణుపు ఎప్పటికీ వంగదు అన్నారు. అది తెరిచాకే తెలుస్తుంది. బాగా అతుక్కున్నా వేలు మునుపటంత వంగదని, కొన కొంచెం వాలే ఉండొచ్చని, గోరు మీద గీత పడొచ్చని, తీగల దగ్గర చీము పట్టొచ్చని చెప్పారు. ఇంత ముందుగా చెప్పడం వల్లే నాకు ఆయన మీద గురి కుదిరింది.

మా రేషన్ కార్డు ఒడిశాది కాబట్టి అప్పటి ఆంధ్రా ఆరోగ్యశ్రీ మాకు వర్తించలేదు. చీటీ పాడి 32 వేలు తెచ్చుకున్నాం. మందులు, రైలు ఛార్జీలు వేరు.

జూలై మొదటి వారంలో ఆపరేషన్. మత్తు వేలికి మాత్రమే ఇచ్చారు. వేలి మొదట్లో రెండు పక్కలా ఇంజెక్షన్లు చేశారు. ఆ రెండు పోట్లే నిజంగా నొప్పి, తర్వాత వేలు నాది కానట్టే అయిపోయింది. రక్తం రాకుండా వేలి మొదట్లో రబ్బరు బిగించారు. నాకు మెలకువగానే ఉంది. ముఖానికి, చేతికి మధ్య ఆకుపచ్చ గుడ్డ కట్టారు. కణుపు వెనక వైపు కోశారు. గోకుతుంటే నొప్పి లేదు కానీ, ఎండు కొబ్బరి చిప్ప గీకుతున్న చప్పుడు నా చేతిలోంచే వచ్చింది. "కణుపు బాగుంది, అతికేయక్కర్లేదు" అని డాక్టరు అన్నప్పుడు కళ్ళనీళ్ళు ఆగలేదు. పక్కనున్న సిస్టరు గుడ్డతో తుడిచింది. తర్వాత చిన్న డ్రిల్లు తిరిగింది. రెండు తీగలు, ఒక్కోటి ఒక మిల్లీమీటరు మందం. ఒకటి కొన నుంచి కణుపు దాటి లోపలికి, వేలు నిటారుగా ఉండడానికి. రెండోది ముక్క వెనక్కి జారకుండా అడ్డం. ప్రతి తీగకీ ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ వెళ్ళారు. మొత్తం గంటలోపే అయింది.

ఆపరేషన్ కన్నా ఆ తర్వాతి ఆరు వారాలే కష్టం. తీగల చివర్లు చర్మం బయటికి ఉంటాయి. తడి తగలకూడదు. రాయగడలో జూలై, ఆగస్టు అంటే ఇంట్లో బట్టలు కూడా ఆరవు. చేతికి పాలిథిన్ కవరు తొడిగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుని స్నానం. వంట మా అత్తయ్య చేసింది. నడిమి కణుపు, మిగతా వేళ్ళు మాత్రం రోజూ ఆడిస్తూ ఉండమన్నారు, లేకపోతే అవీ బిగుసుకుపోతాయి. మూడో వారంలో ఒక తీగ చుట్టూ ఎర్రబడి, రాత్రి పోటు పెట్టింది. ఫోటో పంపితే వెంటనే రమ్మన్నారు. శుభ్రం చేసి మాత్రలిచ్చారు, ఐదు రోజుల్లో తగ్గింది. పొద్దున్న చూసుకుందాం అనుకుంటూ ఆ రోజు ఆగిపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

ఆరు వారాలకి ఎక్స్‌రేలో ముక్క అతుక్కుంది. తీగలు మత్తు లేకుండానే పట్టకారుతో లాగేశారు. ఎక్కువసేపు పట్టలేదు, వింతగా అనిపించింది తప్ప పెద్ద నొప్పి లేదు. వేలు మాత్రం కర్రలా ఉంది. నడిమి ఎముకని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, కొనని ఒక్కదాన్నే మెల్లగా వంచాలి, లేపాలి. బలవంతంగా నొక్కకూడదు. రాత్రిపూట ఇంకో నెల నిటారు కట్టు. దీపావళికి మొదటి కాజా కుట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది.

ఇప్పుడు కొన ఓ పది డిగ్రీలు వాలే ఉంది. వంచితే మునుపటిలో సగం కన్నా కొంచెం ఎక్కువ వంగుతుంది. గోరు మీద సన్నటి గీత ఉంది. చలికి కణుపు బిగుసుకుంటుంది. కానీ నడిమి కణుపు వెనక్కి వంగడం పోయింది, పట్టుగుడ్డ దారాలు లాగడం పోయింది.

ఆ రోజు బంతి కొట్టిన గుంటడికే పోయిన వేసవిలో ఉంగరం వేలికి అలాంటి దెబ్బే తగిలింది. వాళ్ళమ్మ పసుపు, సున్నం కలుపుతుంటే పరుగెత్తాను. వేలు బల్ల మీద బోర్లా పెట్టించి, ఐస్‌క్రీమ్ పుల్లతో నిటారుగా కట్టి, ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పంపాను. పక్క నుంచి ఎక్స్‌రే తీయమని చీటీ మీద రాసిచ్చాను. వాడికి ఎముక పెద్దగా విడిపోలేదు. ప్లాస్టిక్ కట్టుతోనే సరిపోయింది. ఏడు వారాలు వాడు స్నానం చేశాక మా ఇంటికే వచ్చేవాడు. వేలు బల్లకి ఆనించి కదలకుండా ఉంచితే, నేను కట్టు తీసి తుడిచి, మళ్ళీ వేసేదాన్ని.