తిరుమల యాత్రకు ముందు నేను అడిగిన ప్రశ్నలు

రెండేళ్ల వయసులో పోలియో సోకినప్పటి నుంచి నా ఎడమకాలికి బలం లేదు. బూటుకు బిగించిన కాలిపర్ (కాలికి ఊతమిచ్చే ఇనుప చట్రం), రెండు చంకకర్రలు ఉంటేనే నడవగలను. తిరుమల వెళ్లాలన్న కోరిక కలిగినప్పుడల్లా నాకు ముందుగా ఎదురయ్యే చిక్కు ఒకటే: పాదరక్షలు విడిచి వెళ్లవలసిన ఆలయంలో బూటు విప్పితే కాలిపర్ కూడా ఉండదు.

మొదటిసారి వెళ్లినప్పుడు ఇదేమీ ఆలోచించలేదు. బసకు ఫోను చేస్తే "లిఫ్టు ఉందండీ, మీకేం ఇబ్బంది ఉండదు" అన్నారు కానీ, ఆ లిఫ్టు దగ్గరకు చేరడానికి అయిదు మెట్లు ఎక్కాలని చెప్పలేదు. గదిలో ఉన్నది నేలమీద కూర్చునే మరుగుదొడ్డి కావడంతో ఆ రెండు రోజులూ నీళ్లు తాగడం తగ్గించుకుని గడిపాను. వారు అబద్ధం చెప్పారని నేను అనను. మెట్లు సునాయాసంగా ఎక్కేవారికి ఆ అయిదు మెట్లు గుర్తుకే రావు.

అందుకే నిరుడు చెల్లెలితో కలిసి మళ్లీ బయలుదేరే ముందు, సౌకర్యాలు ఉన్నాయా అని ఎవరినీ అడగలేదు. వాకిలి నుంచి గదిదాకా ఎన్ని మెట్లు, స్నానాలగది తలుపు వెడల్పు ఎన్ని అంగుళాలు, గడప ఎత్తెంత అని అడిగాను. మా మడత వీల్‌చైర్‌ను టేపుతో కొలిస్తే 25 అంగుళాలు వచ్చింది. ఒక బసలోని ఉద్యోగి ఓపికగా తలుపు కొలిచి, ఫొటో తీసి పంపించారు; ఆ గదినే తీసుకున్నాను. స్నానానికి మా ఇంటి ప్లాస్టిక్ స్టూలునే వెంట తీసుకువెళ్లాం.

వృద్ధులకు, దివ్యాంగులకు ఉద్దేశించిన ఉచిత ప్రత్యేక దర్శనం కోటాను దేవస్థానం వారు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తారు కనుక, వైకల్య ధ్రువపత్రం, ఆధార్ సిద్ధంగా పెట్టుకుని, సహాయకుల విషయంలో ఉన్న షరతులు చదివి, ఇద్దరి వివరాలూ నమోదు చేశాను. రైల్వే వారు దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు వల్ల స్లీపర్ తరగతిలో నాకూ చెల్లెలికీ 75 శాతం రాయితీ లభించింది. మాది నల్లగొండ అయినా సికింద్రాబాద్ వెళ్లి, అక్కడ బయలుదేరే రైలే ఎక్కాం. నల్లగొండలో రైలు ఆగే కొద్ది నిమిషాలలో కర్రలతో, సామానుతో ఎక్కడం నావల్ల కాదు.

తిరుపతి నుంచి కొండమీదికి కారు మాట్లాడుకున్నాం. అలిపిరి తనిఖీలో కాలిపర్ ఇనుముకు మెటల్ డిటెక్టర్ మోగుతుందని తెలుసు కనుక, సులువుగా పైకి మడవగలిగే వదులైన చుడీదార్ వేసుకుని, ధ్రువపత్రాన్ని చేతిసంచిలో పైనే ఉంచుకున్నాను. ఇంత చిన్న విషయం చెప్పాలా అనిపించవచ్చు గాని, పదిమంది చూస్తుండగా కాలు చూపించి వివరించవలసి వచ్చినవారికి అది చిన్నది కాదు.

దర్శనం రోజున కాలిపర్‌ను గదిలోనే విడిచి వీల్‌చైర్‌లో బయలుదేరాను. ఆలయంలోకి సెల్‌ఫోన్లు అనుమతించరు. ఒకవేళ విడిపోతే నేను ఉన్నచోటనే ఉండాలని, చెల్లెలే నన్ను వెతుక్కుంటూ రావాలని ముందే అనుకున్నాం. దక్షిణ మాడవీధి పక్కన తిరుమల నంబి ఆలయం దగ్గర పత్రాలు చూసి లోపలికి పంపించారు.

వీల్‌చైర్ దిగవలసిన చోటు నుంచి కర్రలే దిక్కు. తడిసిన రాతినేల మీద అరిగిన రబ్బరు బుడిపెలు జారతాయని కిందటిసారే తెలిసింది గనుక, ఈసారి కొత్తవి వేయించాను. ఒకవైపు చెల్లెలు, మరోవైపు ఒక శ్రీవారి సేవకురాలు పట్టుకున్నారు. "తొందర లేదమ్మా, గడప దాటండి" అని ఆమె ప్రతి గడప దగ్గరా చెప్పింది. బంగారు వాకిలి దగ్గర తల ఎత్తాను. కిందటిసారి నా చూపంతా కాళ్ల కింది నేలమీదే ఉండిపోయింది. ఈసారి స్వామిని పాదాల నుంచి కిరీటం వరకు చూశాను.

గదికి వచ్చి చెల్లెలు నా బూటు పట్టీలు బిగిస్తూ, "అక్కా, శ్రీశైలంలో మెట్లు ఎన్నో కనుక్కోనా?" అని అడిగింది.