బుడమేరు నీళ్లు తీశాక ఇంట్లోకి కరెంటు ఎలా తెచ్చుకున్నాం: సింగ్‌నగర్ నుంచి నా అనుభవం

మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. కింద మేముంటాం, పై పోర్షన్ అద్దెకిచ్చాం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు మా వీధిలోకి వచ్చింది. ఆ వరద గురించి చాలామంది రాశారు, టీవీల్లో అందరూ చూశారు. నీళ్లు పోయాక తడిసిన ఇంట్లోకి మళ్లీ కరెంటు ఎలా తెచ్చుకోవాలన్నది మాత్రం మాకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. నన్నడిగితే నీళ్లు వచ్చిన రోజు కంటే వీధిలో కరెంటు వచ్చిన రోజే ఎక్కువ భయపడాలి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు. దాని వరద ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, డైవర్షన్ ఛానల్ తవ్వి కృష్ణలోకి మళ్లించారు. ఆ రోజుల్లో కృష్ణే పొంగి ఉంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ లేదు. ఛానల్ నీళ్లు నదిలో కలవలేక వెనక్కి ఎగదన్ని, కొండపల్లి శాంతినగర్ దగ్గర గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. ఆ నీళ్లే పాత దారి పట్టుకుని మా మీదికొచ్చాయి.

నీళ్లు గడప ఎక్కకముందే మా వారు మెయిన్ దింపేశారు. దాంతోపాటు ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ వైర్లు కూడా ఊడదీశారు. ఇది చాలామందికి తట్టదు. వీధిలో కరెంటు పోయినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే ఇంటి వైర్లలో 230 వోల్టులు ఉన్నట్టే. కాసేపటికి కరెంటు శాఖ వాళ్లు వీధి లైను కూడా తీసేశారు. "వానకు కరెంటు కూడా లేకుండా చేశారు" అని పక్కవాళ్లు కోప్పడ్డారు గానీ, మీటర్లూ ట్రాన్స్‌ఫార్మర్లూ నీళ్లలో మునిగి ఉండగా లైను వదిలితే వీధిలో నడిచేవాళ్లు బతకరు.

మేం పైవాళ్లింటికి ఎక్కేశాం. ఫోన్లన్నీ ఆపేసి ఒక్కటే, అదీ పూటకోసారి ఆన్ చేసుకున్నాం. మోటారు లేదు కాబట్టి డాబా మీది ట్యాంకులో ఉన్న నీళ్లు తాగడానికీ వంటకే వాడాం. మిగతా పనులకు వాననీళ్లు పట్టుకున్నాం. పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు పడవల్లో వచ్చాయి, కొన్నిసార్లు డ్రోన్లు డాబాల మీద దించి వెళ్లాయి. తెచ్చిన ప్రతి ఒక్కరికీ దణ్ణం పెట్టాలి.

అసలు టెన్షన్ మా అత్తగారి ఇన్సులిన్‌తో వచ్చింది. ఆమెకు రెండు పూటలా ఇంజెక్షన్ ఉండాల్సిందే. ఫ్రిజ్ కింద నీళ్లలో తేలుతోంది. ఫోన్ ఆన్ చేసినప్పుడు మేం ఎప్పుడూ మందులు కొనే షాపు ఆయన్ని అడిగితే ధైర్యం చెప్పారు. వాడుతున్న సీసా మరీ వేడి తగలకుండా ఉంటే నాలుగు వారాల దాకా బయట ఉన్నా పనిచేస్తుందట. మూత తీయని సీసాలకే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. పైవాళ్ల దగ్గర మట్టికుండ ఉంది. సీసాలను స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించి, సగం దాకా నీళ్లు పోసిన కుండలో ఉంచాం. కుండ చుట్టూ తడిగుడ్డ కట్టి, గాలి తగిలేలా కిటికీ పక్కన పెట్టాం. గుడ్డ ఆరినప్పుడల్లా తడపడం మా పాప పని. డబ్బా తీసినప్పుడల్లా చేతికి చల్లగానే తగిలేది. ఐసు దొరికినా సీసాకు నేరుగా తగలనివ్వకూడదని, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదని కూడా ఆయనే చెప్పారు.

సెప్టెంబరు 7న, వినాయక చవితి రోజునే, మూడో గండి పూడ్చారు. ఆ తర్వాత కూడా మా వీధి ఆరడానికి టైం పట్టింది. కిందికి దిగితే గదుల్లో పాదాలు కూరుకుపోయేంత ఒండ్రు, బీరువా తెరుచుకోదు, ముక్కు పగిలే వాసన. ఫైరింజన్లు వచ్చి పైపులతో ఇళ్లు కడిగిపెట్టాయి, అదొక పెద్ద సాయం. అయితే పైపు పట్టుకున్న కుర్రాడికి స్విచ్‌బోర్డుల మీద కొట్టొద్దని ముందే చెప్పాం. సంపు తోడించి, గోడలు రుద్ది, బ్లీచింగ్ వేసి రెండోసారి నింపాకే ఆ నీళ్లు ముట్టుకున్నాం. పరుపులు, సోఫా మళ్లీ వాడుకోవాలని చూడకుండా పారేశాం.

పక్క జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్లు మోకాలి లోతు బురదలో నిలబడి ట్రాన్స్‌ఫార్మర్లు సరిచేస్తుంటే కళ్లారా చూశాను. ఒక సాయంత్రం వీధి దీపాలు వెలిగాయి. జనం ఒకటే కేకలు, చప్పట్లు. ఎదురింటాయన ఆ ఊపులో మెయిన్ ఎత్తబోతే మా వారు పరుగెత్తి చెయ్యి పట్టుకున్నారు. "అన్నయ్యా, ఆగండి, ఒక్క రాత్రి ఓర్చుకుందాం" అన్నారు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఊరంతా అతని కోసం ఎదురుచూస్తున్న రోజులవి. హాల్లో బోర్డు పైకి శుభ్రంగానే ఉంది, ముందురోజే తుడిచాను కూడా. అతను స్క్రూలు విప్పి ప్లేటు లాగేసరికి వెనక డబ్బాలోంచి గ్లాసెడు బురదనీళ్లు గోడ మీదుగా కారాయి. ఆ నీళ్లతో పాటే గోరంత నత్త ఒకటి జారి కింద పడింది. "చూశావా అక్కా, గోడ ఆరినట్టే కనపడుద్ది. పైపులో నీళ్లు ఎక్కడికి పోతాయి?" అన్నాడు. రాత్రి మెయిన్ ఎత్తి ఉంటే తడి గోడ మీద చెయ్యి వేసిన మొదటి మనిషి ఏమయ్యేవాడో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ముందు అతను పై పోర్షన్ లైను, కింది లైను విడదీశాడు. నీళ్లు తగలని పై పోర్షన్‌కు ఆ రోజే కరెంటు ఇచ్చేశాం. కిందికి వచ్చేసరికి బోర్డులన్నీ విప్పి, బ్లోయర్‌తో పైపుల్లోకి గాలి కొట్టాడు. తర్వాత మెగ్గర్ పెట్టి ఒక్కో సర్క్యూట్ చూశాడు. వైరు మీది తొడుగు ఎంత గట్టిగా ఉందో, కరెంటు బయటికి కారుతుందో లేదో ఆ మీటరు చెబుతుంది. ఒక మెగాఓమ్ కూడా చూపించని వైర్లన్నీ లాగి పారేసి కొత్తవి వేశాడు. ఫ్యాన్లు, లైట్ల వైర్లు శ్లాబులో ఉండటంతో చాలావరకు బతికాయి. మునిగిన స్విచ్‌లు, సాకెట్లు, ఎంసీబీలు (లోడు ఎక్కువైనా షార్ట్ అయినా తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే స్విచ్‌లు) ఆరబెట్టి వాడదామని మా వారు అంటే అతను ఒప్పుకోలేదు. ఎంసీబీ లోపల ఒండ్రు ఉంటే ట్రిప్ అవ్వాల్సినప్పుడు అవ్వదన్నాడు. ఆర్‌సీసీబీ కొత్తగా పెట్టించాం. మనిషికి షాక్ తగిలి కరెంటు భూమిలోకి కారితే ఆ క్షణంలోనే లైను ఆపేసే పరికరం అది. పాత ఇళ్లలో చాలా చోట్ల లేదు, దయచేసి పెట్టించుకోండి. మీటరు మాత్రం మనం విప్పకూడదు. కరెంటు శాఖ నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం, శాఖ వాళ్లే వచ్చి మార్చారు.

నా కుట్టు మెషిన్ మోటారు వైండింగ్ షాపులో ఆరబెట్టించి వార్నిష్ వేయిస్తే బతికింది. ఫ్రిజ్ రిలే మారిస్తే నడిచింది. వాషింగ్ మెషిన్ బోర్డు, టీవీ పోయాయి. బండిని సెల్ఫ్ కొట్టకుండా తోసుకుంటూనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఇంజిన్‌లో నీళ్లుండగా స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోతుంది, ఆ నష్టానికి ఇన్సూరెన్స్ రాకపోవచ్చు.

కుట్టడానికి ఇచ్చిన పట్టుబ్లౌజు గుడ్డలు చూసి చాలా ఏడ్చాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. ఒక్కరు కూడా డబ్బు అడగలేదు. "నువ్వు బాగున్నావా అమ్మా" అనే అడిగారు.

ఏదీ పారేయకముందే ఫొటోలు తీసిపెట్టుకోవడం లెక్కలప్పుడు పనికొచ్చింది. వార్డు సచివాలయం వాళ్లు వచ్చి రాసుకున్నారు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 ప్రకటించింది. మా డబ్బు బ్యాంకులో పడింది, దాదాపు అంతా వైరింగ్‌కే అయిపోయింది.

ఈసారి సాకెట్లన్నీ నీటి చార కంటే పైకి ఎత్తించాం, సంపు మోటారు స్టార్టర్ మెట్ల మీదికి మార్చాం. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను నరసాపురం వైపు తీరం దాటుతున్నప్పుడు ట్యాంకు నింపి, పవర్ బ్యాంకులు ఛార్జ్ చేసి, బండిని ఎత్తులో పెట్టి కూర్చున్నాం. మా వీధిలో ఇంకా చాలా మీటర్లు నడుము ఎత్తులోనే ఉన్నాయి. మార్పించుకోవాలంటే శాఖకు దరఖాస్తు పెట్టాలి. ఎదురింటి పిన్నిగారి దరఖాస్తు నేనే రాసిచ్చాను, మిగతా ఇళ్లవాళ్లను కూడా అడుగుతున్నాను.