కొత్త గోల్ఫ్ ఐరన్లు కొన్నాను: షాపువాడిని మీరు అడగాల్సింది ఒక్కటే, "లాఫ్ట్ ఎంత?"

కొత్త ఐరన్లతో, అంటే లోహపు తల ఉన్న గోల్ఫ్ క్లబ్బులతో, నిన్న గోల్కొండ గోల్ఫ్ కోర్సులో మొదటి రౌండ్ ఆడి వచ్చాను. చేతులకు కొత్త గ్రిప్పుల రబ్బరు వాసన ఇంకా పోలేదు. క్లబ్బులు బాగున్నాయి, చాలా బాగున్నాయి. వాటిని కొనడానికి పడ్డ అవస్థే బాగాలేదు. కోపం చల్లారితే మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

నా గురించి రెండు ముక్కలు. పళ్ల డాక్టర్ని. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. పిల్లలు కాలేజీల్లో చేరాక గోల్ఫ్ మొదలుపెట్టాను. మా బావగారు ఆట మానేస్తూ ఇచ్చిన సెట్టుతోనే ఇన్నాళ్లూ ఆడాను. మగవాళ్ల సెట్టు, స్టీల్ షాఫ్టులు (క్లబ్బు కాడలు), ఒక్కో షాఫ్టు 130 గ్రాముల దాకా ఉంటుంది. మోచేయి నొప్పి మొదలయ్యాక మార్చక తప్పలేదు. పగలంతా పేషెంట్ల నోట్లో చేయి పెట్టి పనిచేసేదాన్ని, ఆదివారం సరదాకి మోచేయి పోగొట్టుకోలేను కదా. డబ్బు గురించి ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం. నేనే గెలిచాను.

ఇక షాపు. పేరు చెప్పను. ఎదురుగా అద్దాల తలుపు, లోపల ఏసీ, గోడకు పెద్ద స్క్రీన్, కింద పచ్చటి మ్యాట్, పక్కన బంతి వేగాన్నీ క్లబ్బు వేగాన్నీ కొలిచే మెషిన్. ఫిట్టింగ్ చేసే కుర్రాడికి పాతికేళ్లు ఉంటాయేమో. నేను మా ఆయనతో వెళ్లాను. మా ఆయన ఆడేది బ్యాడ్మింటన్. గోల్ఫ్ బంతికీ నిమ్మకాయకీ తేడా పట్టని మనిషి. ఆ రోజు కారు ఆయన నడుపుతున్నారు, అంతే.

కుర్రాడి మొదటి ప్రశ్న: "సార్, మేడమ్ హైట్ ఎంత?"

నేను పక్కనే ఉన్నాను. చెప్పుల్లేకుండా నిలబడ్డా ఆ కుర్రాడికంటే రెండంగుళాలు ఎత్తే. మా ఆయన "నన్నడుగుతావేంటి బాబూ, ఆవిడ అక్కడే ఉంది కదా" అన్నారు. అయినా రెండో ప్రశ్న కూడా ఆయనకే: "మేడమ్ ఎంతకాలం నుంచి ఆడుతున్నారు సార్?" మూడోది బడ్జెట్ గురించి, అదీ ఆయనకే. క్లినిక్ నడిపేది నేను, ఈఎంఐలు కట్టేది నేను, బంతి కొట్టేది నేను.

అడక్కుండానే లోపల్నుంచి లేడీస్ సెట్టు తెచ్చాడు. లావెండర్ రంగు గ్రిప్పులు. రంగుతో నాకు గొడవ లేదు. గొడవ పొడవుతో. లేడీస్ అని అమ్మే క్లబ్బులు సాధారణంగా మగవాళ్ల క్లబ్బులకంటే ఒక అంగుళం పొట్టిగా ఉంటాయి. నా ఎత్తు మనిషి వాటితో ఆడాలంటే నడుం వంచి, చేతులు కిందికి వేలాడేసి నిలబడాలి. కొట్టి చూడమన్నాడు, కొట్టాను. బంతి కుడికి పోయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ కుడికే. "మీ స్వింగ్‌లో ఫేస్ ఓపెన్ అవుతోంది మేడమ్, కోచింగ్ తీసుకోండి" అన్నాడు. ఫేస్ అంటే బంతికి తగిలే క్లబ్బు ముఖం. మొదటిసారి నాతో మాట్లాడింది తప్పు పట్టడానికి!

క్లబ్బు అడుగున టేప్ అంటించి లై బోర్డు మీద కొట్టనివ్వమన్నాను. లై బోర్డంటే గట్టి ప్లాస్టిక్ పలక. దాని మీద కొడితే క్లబ్బు అడుగున ఎక్కడ నేలకు తగిలిందో టేప్ మీద గీరుకుపోయిన గుర్తు పడుతుంది. గుర్తు మధ్యలో ఉంటే సరిపోయినట్టు. నాది ముక్కు వైపు, అంటే క్లబ్బు తల బయటి కొస వైపు, చివరికంటా పడింది. అంటే క్లబ్బు ముక్కు నేలకు దిగుతోంది, షాఫ్టు వైపుండే మడమ లేచి ఉంది, అందుకే బంతి కుడికి పోతోంది. క్లబ్బు నాకు పొట్టి, పైగా లై కోణం (షాఫ్టుకీ నేలకీ మధ్య కోణం) చాలట్లేదు. ఆ టేపును లైటు కింద పెట్టి చూపించాను. అర మిల్లీమీటర్ తేడా కోసం క్రౌన్‌ని ల్యాబుకి వెనక్కి పంపే వృత్తి నాది, గీత ఎక్కడుందో నాకు కనబడదా? కుర్రాడు టేపు వంక చూసి, ఊడదీసి, చెత్తబుట్టలో వేసి, "ఇంకో సెట్టు ట్రై చేద్దాం సార్" అన్నాడు. సార్!

అసలు తమాషా ఇక్కడ మొదలైంది. ఈసారి తెచ్చింది "లేటెస్ట్ మోడల్, డిస్టెన్స్ ఐరన్స్". సెవెన్ ఐరన్ కొడితే స్క్రీన్ మీద క్యారీ, అంటే బంతి గాల్లో పోయిన దూరం, 112 యార్డులు. అంతకుముందు నా పాత సెవెన్‌తో కొడితే 97. కుర్రాడి మొహం వెలిగిపోయింది. వెనక కుర్చీల్లో వంతు కోసం కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు కూడా "వావ్" అన్నారు. పదిహేను యార్డులు! బిల్లు రాయడమే తరువాయి అన్నట్టు పుస్తకం తీశాడు.

"దీని లాఫ్ట్ ఎంత?" అన్నాను.

తెలియదు. ఫోన్ తీసి వెతికాడు. 29 డిగ్రీలు. నా పాత సెవెన్ 34.

గోల్ఫ్ తెలియనివారి కోసం: ఐరన్ ఫేస్ ఎంత వెనక్కి వాలి ఉందో అదే లాఫ్ట్. వాలు తగ్గేకొద్దీ బంతి కిందుగా, దూరంగా పోతుంది. ఐరన్ నంబరు తగ్గేకొద్దీ లాఫ్ట్ తగ్గుతుంది, ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ మధ్య మామూలుగా నాలుగు డిగ్రీల తేడా. క్లబ్బు మీద వేసే నంబరుకు ఏ రూలూ లేదు, కంపెనీ ఇష్టం. ఒకప్పుడు సెవెన్ అంటే 34 నుంచి 36 డిగ్రీల మధ్య ఉండేది. ఇప్పుడు మనలాంటి మామూలు ఆటగాళ్ల కోసం చేసే సెట్లలో 28 నుంచి 30 మధ్య వస్తోంది. ఇందులో మోసం మొత్తం లేదు. ఫేస్ పల్చగా చేసి, బరువు కిందికి దించితే బంతి తేలిగ్గా పైకి లేస్తుంది, అందుకే వాలు తగ్గించగలుగుతున్నారు. కానీ పాత సిక్స్ మీద 7 అని చెక్కి "దూరం పెరిగింది" అని చప్పట్లు కొట్టిస్తే ఎలా?

నా పాత సిక్స్ తీసి కొట్టాను. 106 యార్డులు. అంటే ఆ పదిహేనులో తొమ్మిది లాఫ్ట్ చలవే. మిగతా ఆరు తేలికపాటి షాఫ్టు వల్ల. ఆ ఆరు యార్డులు నిజం, వాటికి డబ్బు పెట్టొచ్చు. తొమ్మిదికి మాత్రం ఎందుకు పెట్టాలి?

అప్పుడు ఆ కొత్త సెట్టులోనే సిక్స్ ఇచ్చాడు, 118. తర్వాత ఫైవ్ ఇచ్చాడు. 117. మళ్లీ కొట్టమన్నాడు, 116. లాఫ్ట్ తగ్గింది, నంబరు తగ్గింది, దూరం మాత్రం పెరగలేదు సరికదా ఒకటి రెండు యార్డులు తగ్గింది. కుర్చీల్లో ఒకాయన కిసుక్కున నవ్వాడు. కుర్రాడు అందరికీ వినబడేలా, "పవర్ చాలట్లేదు మేడమ్. కొన్నాళ్లు జిమ్‌కి వెళ్లండి" అన్నాడు.

చెవులు వేడెక్కాయి. ఆ నిమిషంలో బ్యాగు సర్దుకుని బయటికి వచ్చేశాను. కారెక్కాక మా ఆయన "లావెండర్ బాగానే ఉంది కదా" అన్నారు. ఇంటిదాకా మళ్లీ మాట్లాడలేదు, ఇద్దరం.

రాత్రి నిద్రపట్టక చదివాను, లెక్కలు వేసుకున్నాను. జిమ్ సమస్య కాదు అది. సెవెన్‌తో నా క్లబ్బు వేగం గంటకు 65 మైళ్లు. అమెరికాలో మహిళా ప్రొఫెషనల్స్ ఆడే ఎల్‌పీజీఏ టూర్‌లోని అమ్మాయిల సగటే 76. వాళ్లు అదే పని మీద బతుకుతారు, నేను వారానికోసారి ఆడతాను. అక్కడికీ 65 అంటే తక్కువేం కాదు. ఆ వేగానికి ఆ కొత్త ఫైవ్ లాంటి 23 డిగ్రీల ఐరన్ బంతిని గాల్లో నిలబెట్టేంత ఎత్తుకు లేపలేదు, బంతి త్వరగా పడిపోతుంది. నాలాంటివాళ్లు ఫైవ్ ఐరన్ పెట్టుకోవడమే అనవసరం, దాని బదులు బంతిని తేలిగ్గా లేపే హైబ్రిడ్ గానీ సెవెన్ వుడ్ గానీ ఉండాలి. ఈ మాట చెప్పాల్సిన మనిషి జిమ్‌కి పొమ్మన్నాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టు 7న మన గోల్ఫర్ అదితి అశోక్ నాలుగో స్థానంలో నిలిచింది, పతకం ఒక్క స్ట్రోకులో పోయింది. ఆ రోజు పొద్దున్నే దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ఆమె డ్రైవ్ (హోల్ మొదట్లో కొట్టే పొడవాటి దెబ్బ) తోటివాళ్లకంటే ఎంత వెనకబడేదో అందరూ చూశారు. అయినా దూరం కొట్టేవాళ్ల మధ్య చివరి హోల్ దాకా నిలబడింది. మా షాపు కుర్రాడు ఉంటే ఆమెను కూడా జిమ్‌కి పంపేవాడే.

రెండో షాపుకి ఒక్కదాన్నే వెళ్లాను. అక్కడి పెద్దాయన మొదటి ప్రశ్న "ఎక్కడ ఆడతారమ్మా? గ్రీన్లు గట్టిగా ఉంటాయా, మెత్తగా ఉంటాయా?" గ్రీన్ అంటే హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి. అంతే, సగం పని అయిపోయింది. మెషిన్‌లో దూరం కంటే ముందు బంతి దిగే కోణం చూపించాడు. 29 డిగ్రీల సెవెన్‌తో నా బంతి 37 డిగ్రీల కోణంలో దిగుతోంది. మన ఎండలకు గట్టిపడిన గ్రీను మీద అలా దిగితే బంతి ఆగదు, దాటి వెనక్కి పోతుంది. 32 డిగ్రీల సెవెన్‌తో నాలుగు యార్డులు తక్కువ, కానీ 42 డిగ్రీల కోణం. అదే తీసుకున్నాను. సిక్స్ నుంచి పిచింగ్ వెడ్జ్ (నైన్ తర్వాత వచ్చే, దగ్గరి దూరాల ఐరన్) దాకా అయిదు, తేలికపాటి గ్రాఫైట్ షాఫ్టులు, మగవాళ్ల పొడవు, లై రెండు డిగ్రీలు పైకి. పోత పోసిన స్టెయిన్‌లెస్ స్టీల్ హెడ్లు గట్టివి, రెండు డిగ్రీలకు మించి వంచితే ప్రమాదమన్నాడు. ఫోర్జ్ చేసిన మెత్తటి కార్బన్ స్టీల్ అయితే ఇంకొంచెం వంగుతుందట, ధర కూడా ఇంకొంచెం "వంచుతుంది". నాకు రెండు చాలు. ఒక్కో క్లబ్బు లాఫ్ట్ బిల్లు మీద రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. ఆర్డరిచ్చాక ఎదురుచూపులు, ఫోన్లు, అవన్నీ మామూలే.

ఇక నిన్నటి సంగతి. గోల్కొండ కోటలోని నయా ఖిల్లా గోడల మధ్య ఆ కోర్సు తెలిసినవాళ్లకు తెలుసు, ఎటు చూసినా రాళ్లు. మొదటి మూడు హోల్స్ నేను బంతిని ఎడమకే కొట్టాను. స్టీలుకు అలవాటు పడ్డ చేతులకు షాఫ్టు తేలిగ్గా ఉండి, క్లబ్బు ముందే వచ్చేస్తోంది. పైగా ఈ హెడ్డుకు ఆఫ్‌సెట్ (ఫేస్ షాఫ్టుకంటే వెనక్కి ఉండడం) ఎక్కువ, పైఅంచు మందం. కిందికి చూస్తే మొదట్లో కాస్త మొరటుగా కనిపించింది. బావగారి సెట్టు సన్నగా, అందంగా ఉండేది, కానీ అంచున తగిలితే వేళ్లు జివ్వుమనేవి. వీటితో ముక్కు మీద తగిలినా చప్పుడు "టక్" నుంచి "టప్" అవుతుంది, అంతే. బంతి నాలుగైదు యార్డులు తగ్గి పోతుంది, చేతికి దెబ్బ తెలియదు. రౌండ్ అయ్యాక మోచేయి నొక్కి చూసుకున్నాను. నొప్పి లేదు. కొన్న డబ్బంతా ఇక్కడే తీరిపోయింది.

నాలుగో హోల్ నుంచి టెంపో కుదిరింది. ఒక పార్-3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) దగ్గర పిన్, అంటే హోల్‌లోని జెండా కర్ర, 110 యార్డులుంది. నేను సిక్స్ మీద చెయ్యి వేస్తే, బ్యాగు మోసే మా క్యాడీ ఆపాడు.

"పాత సెట్టయితే సిక్సే ఇస్తుంటి మేడమ్. గిప్పుడు సెవెన్ గొట్టుండ్రి."

కొట్టాను. బంతి లేచిన ఎత్తు చూసి నాకే భయమేసింది, పొట్టిగా పడుతుందేమోనని. గ్రీను ముందు భాగంలో దిగి, రెండడుగులు దొర్లి ఆగింది. పాత క్లబ్బుతో అయితే అక్కడ దిగిన బంతి వెనక ఇసుకలోకి పోవాల్సిందే. క్యాడీ ఏమీ అనలేదు, గ్రీను మీద బంతిని దొర్లించే పటర్ నా చేతికిచ్చి ముందు నడిచాడు. అది అతని మెచ్చుకోలు. బర్డీ (పార్ కంటే ఒక దెబ్బ తక్కువ) చేశానని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

లోపం లేదా అంటే ఉంది. వెడల్పాటి అడుగు గడ్డి మీద జారుతుంది, బంతి కంటే ముందు నేలకు తగిలినా పని జరుగుతుంది. కానీ గడ్డి లేని ఎర్రమట్టి నేల మీద అదే అడుగు ఎగిరి బంతి నడుమున తగులుతోంది, బంతి నేలబారుగా దూసుకుపోతోంది. అక్కడ బంతిని కాస్త వెనక్కి పెట్టుకుని ఆడాలని క్యాడీ చెప్పాడు, నయమే.

రెండోది, దూరాల్లో ఖాళీ. కొత్త పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీలు, నా శాండ్ వెడ్జ్ (ఇసుకలోంచి బంతిని లేపే క్లబ్బు) 56. పన్నెండు డిగ్రీల సందు. 65 నుంచి 75 యార్డుల మధ్య ఫుల్ స్వింగ్‌కు నా దగ్గర క్లబ్బే లేదు, నిన్న ఆ దూరం వచ్చిన ప్రతిసారీ సగం స్వింగులతో తిప్పలు పడ్డాను. లాఫ్ట్‌లు తగ్గించిన సెట్టు ఏది కొన్నా ఈ ఖాళీ వస్తుంది, అదనంగా ఒక వెడ్జ్ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. నాకిప్పుడు 50 డిగ్రీలది కావాలి. వచ్చే శనివారం పెద్దాయన షాపుకి వెళ్తున్నాను. మా ఆయన డ్రాప్ చేస్తానన్నారు, బయటే ఉంటారట.